నేను చూసిపెట్టిన చెరువు, మా బావ తీసిన ఫొటో

1946, మాఘమాసం. యుద్ధం ముగిసింది గాని యుద్ధం తెచ్చిన కరువు ముగియలేదు. విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఎడంగా ఒక మేడ మీద నా స్టూడియో ఉండేది. ఉత్తరం వైపు పైకప్పంతా అద్దాలు. దాన్ని మేము నార్త్ లైట్ అంటాం. ఎండ నేరుగా పడదు, మెత్తటి వెలుతురు మాత్రం పొద్దంతా ఒక్కలాగే వస్తుంది. ఆ వెలుతురుకి ఎదురుగా ఒక తెర. తెర మీద ఒక కొండ, కొండ కింద సరస్సు, సరస్సులో మన వైపు ఎవరూ చూసి ఎరగని రెండు తెల్లటి పక్షులు. ఆ రోజుల్లో మా ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పెళ్ళయిన జంటల్లో చాలామంది ఆ సరస్సు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళే.

ఫొటోగ్రాఫరు పనంటే నల్లగుడ్డ కింద తల దూర్చడమే అనుకుంటారు. అసలు కష్టం అవుట్‌డోర్ పనిలో ఉంది. అందులో ఫొటో తియ్యడం చివరి పని, అన్నిటికంటే తేలిక పని కూడా. అంతకుముందు చోటు వెతకాలి. దాన్ని లొకేషన్ చూడడం అంటాం. ఏ కొండకి ఏ వేళ ఎండ తగులుతుంది, ఏ చెరువు మీద గాలి ఎప్పుడు లేస్తుంది, నిలబడడానికి గట్టు ఎటువైపు ఉంది, ఇవన్నీ ముందే కాళ్ళరిగేలా తిరిగి తెలుసుకోవాలి. ఆ పనిలో నాకు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అయితే ముందు మా బావ గురించి చెప్పాలి. ఎందుకంటే ఇదంతా ఆయన మీద నాకున్న కుళ్ళు వల్ల జరిగింది. దానికి మర్యాదైన మాట ఇంకేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

మా అక్క మొగుడు జగన్నాథం. శ్రీకాకుళంలో బట్టల దుకాణం. పొందూరు ఖద్దరు దగ్గర్నుంచి పల్లెల్లో కట్టుకునే ముతక చీరల దాకా అన్నీ అమ్ముతాడు. ఆయన దగ్గర చేత్తో పట్టుకుని తీసే ఫోల్డింగ్ కెమెరా ఒకటి ఉండేది. మడిస్తే కోటు జేబులో పడుతుంది. రోల్ ఫిల్మ్ వేస్తే ఎనిమిది బొమ్మలు వస్తాయి. సరదాకి కొన్నాడు. నాదేమో హాఫ్‌ప్లేట్ ఫీల్డ్ కెమెరా. చిన్న ట్రంకుపెట్టెంత కెమెరా, దానికి మూడు కాళ్ళ స్టాండు, గాజు ప్లేట్లు, ఆ ప్లేట్లకి వెలుతురు తగలకుండా పెట్టుకునే డార్క్ స్లైడులు, నల్లగుడ్డ. ఎత్తితే ఒక మనిషి మోత. ఏళ్ళ తరబడి మద్రాసులో ఒక స్టూడియోలో నేల తుడిచి, రసాయనాలు కలిపి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఆయన దుకాణం కట్టేశాక సాయంత్రాలు నేర్చుకున్నాడు.

అది చాలదన్నట్టు ఆయన ఇంటి అల్లుడు. ఆయన వస్తున్నాడంటే మా అమ్మ కళింగపట్నం నుంచి ఎవరిచేతనో వంజరం చేప తెప్పించేది. పెద్ద ముక్క ఆయన కంచంలో పడేది, తోక ముక్క నా కంచంలో. తిన్నాక నా స్టూడియోకి వచ్చి నా కుర్చీలో కూర్చుని నా ప్రింట్లు ఒక్కొక్కటీ చూసేవాడు.

"బాగున్నాదిరా సూరీ. కానైతే మనుసులు మరీ సచ్చినోళ్ళలాగ కూకున్నారేటి?" అనేవాడు.

నేను నవ్వాలి. బావ కదా.

అంతకు ముందటేడు ఒకనాడు భోజనాల దగ్గర నోరు జారాను. రామతీర్థం వెళ్ళే దారిలో ఒక చెరువు చూశాననీ, తామరపూల వెనక నల్లటి రాతికొండ భలేగా పడుతుందనీ, ప్లేట్లు దొరకగానే వెళ్ళి తీస్తాననీ అందరి ముందూ చెప్పాను. ప్లేట్లు దొరికేసరికి నెల పట్టింది. ఆ నెలలో మా బావ అటు బట్టల వసూళ్ళకి వెళ్ళి, జేబులోంచి కెమెరా తీసి, ఆ చెరువు తీసి, మద్రాసులో ఒక వారపత్రికకి పంపాడు. వాళ్ళు వేశారు. కింద ఆయన పేరు. పత్రిక పట్టుకుని స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"నువ్వు సెప్పినావు కాబట్టే ఎల్లినానురా, నేపోతే నాకేటి తెలుసు!" అని నా వీపు తట్టాడు.

దొంగతనం చేసినవాణ్ణి తిట్టొచ్చు. చేసింది దొంగతనమని తనకే తెలియనివాణ్ణి ఏం చేస్తాం? మా అమ్మ ఆ కాగితం కత్తిరించి దేవుడి గూటి పక్కన అంటించింది. రోజూ దండం పెట్టుకునేటప్పుడు నాకు దేవుడి కంటే ముందు అదే కనిపించేది.

ఆ మాఘంలో మద్రాసు నుంచి ఒక కేలండర్ల ప్రెస్సు తాలూకు ఏజెంటు, మొదలియారు అని ఒకాయన, నాకు ఉత్తరం రాశాడు. వచ్చే ఏటి కేలండరుకి ఒకే ఒక పెద్ద బొమ్మ కావాలి. కొండ ఉండాలి, నీళ్ళుండాలి, కొండ నీళ్ళలో కనిపించాలి. తానే స్వయంగా వచ్చి చోటు చూసి ఒప్పుకుంటాడు. బొమ్మ కింద ఫొటోగ్రాఫరు పేరు అచ్చువేస్తారు. ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు మద్రాసు దాకా కిరాణా కొట్లలో, రైసుమిల్లుల్లో, ఇళ్ళలో ఏడాది పొడుగునా వేలాడుతుంది. నాకు కావలసింది ఆ పేరే. మా అమ్మ గోడ మీద ఆ కాగితం ముక్క పక్కన దానికి నాలుగింతల బొమ్మ, దాని కింద నా పేరు. ఉత్తరం చివర ఇంకో మాట ఉంది. వారపత్రికలో తామరచెరువు తీసిన జగన్నాథం గారిక్కూడా రాశామని. ఆ వాక్యం చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చలికాలం చివర ఇలాంటి పనికి దొరికే రోజులు చాలా తక్కువ. పుష్యంలో పొద్దున్నే మంచు కప్పేస్తుంది, కొండ కనబడదు. ఫాల్గుణం వచ్చిందంటే కొండల మీద సవరలు పోడు కోసం కొట్టిన చెట్లు కాలుస్తారు, పొగకి మళ్ళీ కొండ కనబడదు. ఆ రెంటికీ మధ్య కొద్ది రోజులు ఆకాశం కడిగినట్టు ఉంటుంది. వరి కోతలైపోయి పొలాలు ఖాళీగా ఉంటాయి గాని చెరువుల్లో నీళ్ళింకా ఉంటాయి. దక్షిణపు గాలి మొదలవదు కాబట్టి పొద్దున్న పూట నీళ్ళు కదలవు. పైగా కొండ చెరువుకి పడమర ఉండాలి. అప్పుడే పొద్దుటెండ మన వీపు మీదుగా వెళ్ళి కొండ మొహాన పడుతుంది. ఇవన్నీ ఒకచోట కుదరడం పెళ్ళిసంబంధం కుదరడం కంటే కష్టం.

తిరిగాను. సాలూరు వైపు వెళ్ళాను, పార్వతీపురం వైపు వెళ్ళాను. ఒకచోట కొండ బాగుంది, చెరువు నిండా గుర్రపుడెక్క. ఒకచోట చెరువు బాగుంది, చాకిరేవు బండలు సరిగ్గా నడిమధ్యన. ఇంకోచోట రెండూ బాగున్నాయి, వాటి మీదుగా టెలిగ్రాఫు తీగలు. ఎక్కడికి వెళ్ళినా ఎందుకొచ్చానో చెప్పలేదు. మా బావ దగ్గర బట్టలు అప్పు తీసుకుని ఊళ్ళు తిరిగి అమ్మే మూటవాళ్ళు జిల్లా అంచుల దాకా ఉన్నారు. పొద్దున్న నేను ఒక చెరువు గట్టు మీద తుమ్మితే సాయంత్రానికి శ్రీకాకుళంలో దుకాణం దాకా ఆ కబురు చేరిపోతుంది. అందుకని కెమెరా కూడా వెంట తీసుకెళ్ళలేదు. మధ్యలో కిటికీలా కోసిన ఒక అట్టముక్క మాత్రం ఉండేది. చెయ్యి చాపి పట్టుకుని అందులోంచి చూస్తే ప్లేటు మీద ఎంత పడుతుందో తెలుస్తుంది. వ్యూ ఫ్రేమ్ అంటాం. జేబులో పెట్టుకుంటే ఎవరికీ ఏమీ అంతుబట్టదు.

చివరికి దొరికింది. మందస దాటి మహేంద్రగిరి వైపు వెళితే ఒక ఊరు. దాని పేరు ఇప్పటికీ రాయబుద్ధి కావడం లేదు, అలవాటైపోయింది. పొద్దు పొడుస్తుండగా గట్టెక్కాను. పడమటి కొండల వరసంతా నీలంగా, మడత మీద మడతగా నిలబడి ఉంది. కింద నీళ్ళలో అదే వరస తలకిందులుగా. ఆకు కదలడం లేదు. అట్టముక్క ఎత్తి చూశాను. ఎటు తిప్పినా కోసెయ్యవలసింది ఏమీ లేదు. నా పనిలో అలాంటి క్షణాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు కూడా నా మనసులో మెదిలిన మొదటి మాట "అబ్బ, ఎంత బాగుంది" అని కాదు. "ఇది బావ చూడలేదు" అని.

ఎంతసేపు చూశానో, వెనక నుంచి ఎవరో దగ్గారు. చెరువుకి కాపలా ఉండే ముసలాయన. అప్పన్నట పేరు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ నన్నూ నా అట్టముక్కనీ మార్చిమార్చి చూస్తున్నాడు.

"ఏటి బాబూ, ఇందాకట్నుంచి సూస్తన్నాను. ఆ అట్టముక్కతోటి సెరువు కొలుస్తన్నారేటి?"

"ఊరికే," అన్నాను.

"ఊరికే ఎవులు కొలుస్తారు బాబూ? సేపల బేరానికొచ్చినారా?"

ఫొటోకని చెబితే ఏ మూటవాడి చెవినో పడుతుంది. చేపల బేరగాడు వచ్చాడంటే మా బావకేం అంతుబడుతుంది? ఆ ముసలాయనే నాకు దారి చూపించాడని సంబరపడిపోయాను.

"మరేటి, సేపలకే," అన్నాను.

అప్పన్న మొహం వెలిగిపోయింది. "యుద్ధం మొదలైనకాడ్నుంచి ఒక్క బేరగాడూ ఇటు తొంగి సూడనేదు బాబూ, ఏటేటా మేవే సంతకి మోసుకుంతన్నాం. వాలగలు, కొర్రమీనులు బలిసిపోయున్నాయి. కొన్ని కావాలా, మొత్తమా?"

"మొత్తం."

"ఎప్పుడొస్తారు మరి?"

మొదలియారుని ఏ రోజు తీసుకురావాలో అప్పటికే మనసులో లెక్క వేసుకున్నాను. "వచ్చే శుక్రవారం. తెల్లారేసరికి ఇక్కడుంటాను," అన్నాను. ఉత్సాహం పట్టలేక ఒక రూపాయి తీసి "పొగాకు కొనుక్కో" అని అతని చేతిలో పెట్టాను. అప్పన్న దాన్ని కళ్ళకద్దుకుని పంచె మడతలో దోపుకున్నాడు. పొగాకు రూపాయిని ఎవరైనా కళ్ళకద్దుకుంటారా అని ఆలోచించే స్థితిలో లేను. పాట పాడుకుంటూ స్టేషనుకి నడిచాను.

నా కబురందుకుని గురువారం రైల్లో మొదలియారు వచ్చాడు. సన్నటి మనిషి, మెళ్ళో ఉన్ని మఫ్లరు, చేతిలో గొడుగు. నేను విజయనగరంలో నా సామానంతా ఎక్కించుకుని ఆయన పెట్టెలోనే ఎక్కాను. కొండ గురించి, పొద్దుటెండ గురించి, కదలని నీళ్ళ గురించి చెప్పుకుంటూ వస్తున్నాను. ఆయన బాగానే వింటున్నాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలు ఆగింది. కిటికీలోంచి ముందు ఒక టిఫిన్ కారియరు లోపలికొచ్చింది, దాని వెనక మా బావ మొహం.

"ఒరే సూరీ! మీ అక్క బూరెలు పంపినాది. జరుగు, జరుగు."

మొదలియారు అమాయకంగా, తాను ఫలానా రైల్లో వస్తున్నానని ఆయనకీ రాశాడట. "మీరు చూసిన చోటేది జగన్నాథం గారూ?" అని అడిగాడు.

"నాకేటి తెలుసండీ, దుకాణం ఒదిలి తిరగ్గలనా? మా బావమరిదికి సూపున్నాది. ఈడు సూసిన సోటే మనందరం సూద్దాం."

పోటీకి వచ్చినవాడు పోటీ పడతాననైనా అనాలి కదా! అదీ లేదు. బూరెలు పంచాడు, ఖద్దరు నాణ్యం ఎలా చూడాలో చెప్పాడు, మొదలియారు మఫ్లరు పట్టుకుని చూసి అది ఎక్కడి ఉన్నో చెప్పేశాడు. నేను విజయనగరం నుంచి అంతసేపు చెప్పిన మాటలకి ఒక్కసారీ నవ్వని మొదలియారు పలాస వచ్చేలోపల కడుపు పట్టుకుని నవ్వాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రేపు తెల్లారనీ, చెబుతాను నీ సంగతి, అనుకున్నాను.

మందస స్టేషనులో తలదాచుకుని, వేకువన బండి కట్టించాం. దారిలో మా బావ "ఏ సెరువురా? నాకు మాటమాత్రం సెప్పనేదేటి?" అని అడుగుతూనే ఉన్నాడు. "చూస్తావుగా," అన్నాను. గట్టు కనబడగానే బండి ఆపించి, మొదలియారుని చెయ్యి పట్టుకుని నేనే పైకి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళు నా వేలి వెంట వెళ్ళేలా, నాటకంలో తెర లేపినట్టు చెయ్యి చాపాను.

కొండలు ఉన్నాయి. నీలంగా, మడత మీద మడతగా.

నీళ్ళు లేవు.

చెరువంతా బురద. ఆ బురదలో ఊరు ఊరంతా ఉంది. మోకాళ్ళ దాకా, నడుముల దాకా దిగిపోయి వలలు లాగుతున్నారు, బుట్టలతో తోడుతున్నారు, చేతులతో దేవులాడుతున్నారు. నడిమధ్య మడుగులా మిగిలిన కాసిని నీళ్ళలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టు పొడుగునా తాటాకులు పరిచి చేపలు పోశారు. తల పైకెత్తి నన్ను చూసిన అప్పన్న కేక వేశాడు.

"ఇడుగో! బేరగాడు బాబొచ్చేసినాడు! నాను సెప్పనేదేటి? మాట తప్పే మొకం కాదని సెప్పనేదేటి?"

మామూలుగా వాళ్ళు ఆ చెరువుని శివరాత్రి వెళ్ళాక కొడతారట, అంటే నీళ్ళు వదిలేసి చేపలన్నీ పట్టేస్తారట. నేను బయానా ఇచ్చి శుక్రవారం వస్తానన్నానని, రెండు రోజుల ముందే మదుం ఎత్తి నీళ్ళు కింద పొలాల్లోకి వదిలేశారు. మా వైపు తూముని మదుం అంటారు. బయానా అంటే నా రూపాయి. బేరం మాట అనుకున్నాక చేతిలో పడ్డ నాణెం ఆ ఊళ్ళో పొగాకు డబ్బు ఎందుకవుతుంది? పైగా నేను చెరువు కొలుచుకుని మరీ వెళ్ళాను కదా, ముసలాయన కళ్ళారా చూశాడు.

మొదలియారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సూర్యారావు గారూ, నీళ్ళేవి?" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అంతలో ఊరిపెద్ద నాయుడు బురద కాళ్ళతో గట్టెక్కాడు. వెనక పదిమంది. నాయుడు చూపు నా మీది నుంచి బండిలోని సామాను మీదికి వెళ్ళింది.

"బుట్టలేవి? ఐసు పెట్టెలేవి? ఆ మూడు కాళ్ళ కర్రేటి బాబూ?"

"అది... కెమెరా స్టాండు," అన్నాను.

"పొటోలు తీసీవాడివా నువ్వు? మరి సేపలెవుడు కొంతాడు? ఒక్క పూట ఎండెక్కితే ఇవన్నీ కుళ్ళిపోవా? ఊరంతటిసేతా సెరువు కొట్టించీసినావు కదరా!"

గట్టు మీద అందరూ నా వైపు తిరిగారు. ఎవరి చేతిలో చేప వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ చేపలు వాళ్ళకి ఏడాదికి ఒకసారి కళ్ళబడే డబ్బని నాకప్పుడు తెలిసింది. అప్పన్న నా మొహంలోకి చూస్తున్నాడు, ఇంకా నమ్మకంగానే. ఆ చూపు తప్పించుకోవడానికి నేను కొండల వైపు చూశాను.

మా బావ బండి దిగి వచ్చాడు. అంతా విన్నాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఎందుకు దాచానో, ఎవరి నుంచి దాచానో అప్పుడే ఆయనకి అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఇక అందరి ముందూ కడిగేస్తాడు అనుకున్నాను. ఆయన చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు, పంచె ఎగ్గట్టాడు.

"నాయుడుబావా, ఈడు నా బావమరిది. పిల్లనిచ్చిన ఇంటోడు. బేరగాడు ఈడు కాదు, నాను. సెరువు సూసి రమ్మంటే సూసినాడు, బయానా ఇమ్మంటే ఇచ్చినాడు. ఈడి మాట నా మాటే. ఇయ్యాల సంత ఎక్కడ?"

నాయుడు చెప్పాడు, రెండు ఊళ్ళ అవతల అని.

"అయితే నిలబడి సూస్తారేటి? బళ్ళు కట్టండి. కొర్రమీన్లు కుండల్లో నీళ్ళు పోసి ఎయ్యండి, సావవు. సన్నసేపలు ఆడోళ్ళు ఎండబెట్టుకోండి. మిగతావన్నీ నాయి. బేగి, బేగి!"

ఆయన జన్మలో చేప అమ్మలేదు. ముతక చీరలు అమ్మినవాడు. ఆ ఊరివాళ్ళ చీరలు కూడా ఆయన దుకాణంవే, ఎవరో ఆడమనిషి గుర్తుపట్టి "సీరల సావుకారు కదేటీ!" అని కేక వేసింది. అంతే, ఊరంతా ఆయనదైపోయింది. నవ్వులు మొదలయ్యాయి. నేను కాళ్ళరిగేలా తిరిగి, దాచి దాచి, అట్టముక్కలోంచి చూసి కనిపెట్టిన చోట ఆయన అడుగు పెట్టి అరగంట కాలేదు. ఇంటి పెద్దల్లుడిలా తిరుగుతున్నాడు. ప్రాణం నిలబడినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కడుపు మండిపోయింది.

కనీసం నా విద్యైనా చూపిద్దామని స్టాండు పాతాను. ఒక కాలు బురదలో దిగబడింది. అది లాగితే ఇంకోటి దిగింది. నా ప్లేట్లు నెమ్మది ప్లేట్లు, మనిషి కదిలితే పొగలా పడతాడు. ఆ గట్టు మీద కదలనిది ఒక్కటీ లేదు. నల్లగుడ్డ కింద తల పెట్టి చూస్తే గ్రౌండ్ గ్లాస్ మీద, అంటే కెమెరా వెనక బొమ్మ కనబడే గరుకు అద్దం మీద, ఊరంతా తలకిందులుగా పరుగెడుతోంది. వెనక నుంచి ఎవరో ఆ గుడ్డ లాగేశారు. ఎర్రమ్మని ఒక బలమైన ఆడమనిషి. చేతిలో చేపల బుట్ట.

"ఏటి దాక్కుంతన్నావు? నీ సేపలే కదా, మొయ్యి!"

నా నల్లగుడ్డనే గిర్రున చుట్టి కుదురు చేసి నా నెత్తిన పెట్టింది, దాని మీద బుట్ట పెట్టింది. నీళ్ళు చెవుల మీదుగా కారుతున్నాయి, ఒక వాలగ తోక నా చెంప మీద కొడుతోంది. అందరూ పగలబడి నవ్వారు. మొదలియారు కూడా గొడుగు మీద వాలి నవ్వాడు. నేను కొండల వైపు తిరిగి, బురదలో ఒక్కో అడుగూ పీక్కుంటూ బళ్ళ దగ్గరికి నడిచాను. ఎక్కడో పక్కన టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. చూడలేదు. ఆ చప్పుడు ఏమిటో ఆ గట్టు మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు మా బావ సంతలో సాయంత్రం దాకా నిలబడి గొంతు పోయేలా అరిచి చేపలు అమ్మాడు. లాభమొచ్చిందో నష్టమొచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తిరుగు రైల్లో ముగ్గురమూ చేపకంపు కొడుతూ కూర్చున్నాం. "నాకు సెప్పకుండా దాసినావేటిరా" అని ఒక్క మాట అంటాడేమోనని శ్రీకాకుళం రోడ్డు దాకా ఎదురు చూశాను. అంటే తిరిగి అనడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. అనలేదు. దిగేటప్పుడు మిగిలిన రెండు బూరెలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

కేలండరుకి ఏ బొమ్మ వేశారో వేరే చెప్పాలా? వెనక కొండల వరస, ముందు బురదలో ఊరు, మధ్యలో నెత్తిన బుట్టతో నడిచిపోతున్న ఒక మనిషి. మొదలియారు నాకు మర్యాదగా రాశాడు. కొండా నీళ్ళూ తమ దగ్గర బోలెడు ఉన్నాయట, ఇలాంటిది లేదట. ప్రెస్సువాళ్ళు దానికి రంగులు అద్దారు. ఆ మనిషికి నాకు జన్మలో లేని పచ్చ చొక్కా తొడిగారు. అయినా ఆ వీపు నాదేనని మా వాళ్ళందరూ గుర్తుపట్టారు. కింద అచ్చువేసిన పేరు మా బావది. నేను పేరు కావాలనుకున్నాను, నా పేరు తప్ప నేనంతా అందులో ఉన్నాను. ఆ కేలండరుని మా అమ్మ ఇంట్లో ఒకటి వేలాడదీసి, ఇంకోటి స్టూడియోలో నా తెర పక్కనే మేకు కొట్టించి తగిలించింది. పెళ్ళికొడుకులు సరస్సు ఒడ్డున కూర్చోబోతూ "ఇది తవురే కదండీ?" అని అడిగేవారు.

మరుసటేడు అదే మాఘంలో నేనొక్కణ్ణే ఆ ఊరు వెళ్ళాను. ఈసారి గట్టెక్కకముందే నాయుడి ఇంటికి వెళ్ళి, నేను ఫొటోవాణ్ణని, చేపలు వద్దని చెప్పాను. చెరువెప్పుడు కొడతారో అడిగి తెలుసుకున్నాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గాలి లేదు. ఎండ సరిగ్గా కొండ మొహాన పడింది. పసుపు ఫిల్టరు పెట్టి తీశాను, మబ్బుతునకలు కూడా పడ్డాయి. ఆ ప్లేటులో ఒక్క తప్పు లేదు. పెద్దది చేసి ఫ్రేము కట్టించి కేలండరు పక్కనే పెట్టాను. వచ్చినవాళ్ళు ఒకసారి దాని వైపు చూసి, వెంటనే బురద బొమ్మ దగ్గరికి వెళ్ళి, ఇదేం చేప, ఈవిడెవరు, అని నిలబడిపోయేవారు. స్టూడియో మూసేవేళ నేను కూడా ఎటువైపు చూసేవాడినో చెప్పను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, లొకేషన్ ఎలా చూడాలని. వెలుతురు సంగతి పుస్తకాల్లో ఉంటుంది. నేను చెప్పేది ఒకటే. నీళ్ళు కనబడగానే అట్టముక్క ఎత్తొద్దు. ముందు ఆ నీళ్ళు ఎవరివో, వాళ్ళకవి ఎందుకో, ఎన్నాళ్ళుంచుతారో అడగండి. ఎందుకొచ్చారో నిజం చెప్పి మరీ అడగండి. ఒక్కడికి తెలియకూడదని ఊరంతటికీ అబద్ధం చెబితే, ఆ అబద్ధాన్ని ఊరు నమ్ముతుంది. నమ్మి మదుం ఎత్తుతుంది.

కుళ్ళు పోవడానికి మాత్రం ఏం చెయ్యాలో నాకిప్పటికీ తెలియదు. మొన్న మా బావ వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. కెమెరా ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాడు. నా కుర్చీలోనే కూర్చుని, వెలిసిపోయిన ఆ కేలండరు బొమ్మ మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒరే సూరీ, ఆ సోటు నువ్వు సూసినావు, నాను ఒట్టినే నొక్కినాను. దీని కింద నీ పేరెయ్యమని మొదలియారికి అప్పుడే రాసినానురా. ఆయనే ఎయ్యనేదు," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేను ఆ బొమ్మ బాగుందని ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు. అప్పుడైనా అందామని నోరు తెరిచాను. ఈలోగా మా ఆవిడ లోపల్నుంచి వంజరం వేగిందని పిలిచింది, ఆయన లేచి వెళ్ళిపోయాడు. పెద్ద ముక్క ఆయన కంచంలో పడింది. ఆ పూట నాకు నోట్లోకి ముద్ద దిగలేదు. మంచి మాట కూడా ఆయనే ముందు అనేశాడే అని.